పెట్టె దగ్గర కాపలా, పెట్టె వెనక లెక్క: మారికోపా 2022 కేస్ స్టడీ

2022 అక్టోబర్ 17న అరిజోనా రాష్ట్రంలోని మీసాలో భార్యాభర్తలిద్దరు ఇంట్లోనే నింపిన తమ ఓటు కవర్లు వేయడానికి డ్రాప్ బాక్స్ (అలాంటి కవర్లు వేసే పెట్టె) దగ్గరికి వెళ్లారు. అక్కడ కొందరు గుంపుగా నిలబడి వాళ్లను వీడియో తీశారు, ఫొటోలు తీశారు. 'మీరు మ్యూల్స్' అన్నారు. అంటే డబ్బు తీసుకుని ఇతరుల ఓట్లు మోసేవాళ్లని ఆరోపణ. కారు నంబర్ ప్లేటు ఫొటో తీసి, పార్కింగ్ స్థలం దాటేదాకా ఇంకో కారులో వెంబడిస్తూ చిత్రీకరించారు. రాష్ట్రంలో ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి ఆ ఓటరు ఇచ్చిన ఫిర్యాదు సారాంశం ఇది. ఆ కార్యాలయం దీన్ని అమెరికా న్యాయశాఖకూ రాష్ట్ర అటార్నీ జనరల్‌కూ పంపింది. నాలుగు రోజులకు, 21వ తేదీ రాత్రి, అదే పెట్టె దగ్గర సైనికుల్లాంటి దుస్తుల్లో ఇద్దరు ఆయుధాలతో కనిపించారు. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) సిబ్బంది వచ్చాక వెళ్లిపోయారు.

ఈ రెండు ఘటనల చుట్టూ రెండు ప్రశ్నలున్నాయి. ఓటరును ఎవరు బెదిరించారు? పెట్టెలో పడిన బ్యాలెట్‌కు భద్రత ఉందా? వీటిని ఒకే ప్రశ్నగా చూడటం వల్లే గందరగోళం వచ్చింది. కాపలాకు వచ్చినవాళ్లు భద్రత కోసమే వచ్చామన్నారు. వాళ్లు నిలబడిన చోటు నుంచి మాత్రం భద్రతకు సంబంధించినది ఏదీ కనిపించదు. అక్కడ కనిపించేది ఓటరు ముఖం, చేతిలో కవర్లు, కారు నంబరు. అంతే.

రంగం

అమెరికాలో దేశమంతటికీ ఒకే ఎన్నికల సంఘం లేదు. నియమాలు రాష్ట్రాలవి, పని కౌంటీలది (మన జిల్లాల్లాంటివి). ఫీనిక్స్ నగరం ఉన్న మారికోపా కౌంటీలో 2022 నవంబర్ 8 ఎన్నికల్లో సుమారు 15.6 లక్షల ఓట్లు పడ్డాయి. గవర్నర్ ఫలితం తేలింది 17,117 ఓట్ల తేడాతో. అటార్నీ జనరల్ పదవికి రాష్ట్రవ్యాప్త రీకౌంటింగ్ తర్వాత మిగిలిన తేడా 280. ఇంత దగ్గరి పోటీలో ప్రతి కవరు మీదా అనుమానం పుట్టడం వింతేమీ కాదు.

అంతకుముందు నుంచే నిప్పు రాజుకుని ఉంది. 2020 అధ్యక్ష ఎన్నికలో అరిజోనా ఫలితం 10,457 ఓట్ల తేడాతో వచ్చింది. రాష్ట్ర సెనేట్ నియమించిన ప్రైవేటు కంపెనీ మారికోపా బ్యాలెట్లు దాదాపు 21 లక్షలను చేత్తో లెక్కించి 2021 సెప్టెంబర్‌లో నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం గెలిచిన అభ్యర్థికి 99 ఓట్లు పెరిగాయి, ఓడిన అభ్యర్థికి 261 తగ్గాయి. అయినా అనుమానం చావలేదు, చోటు మారింది. యంత్రాలను వదిలి పెట్టెల మీద పడింది.

ముందస్తు ఓటింగ్ ఎన్నికల తేదీకి 27 రోజుల ముందు మొదలవుతుంది. ఆ ఏడాది కౌంటీలో ఆరుబయట 24 గంటలూ తెరిచి ఉన్న పెట్టెలు రెండే: ఫీనిక్స్ లెక్కింపు కేంద్రం బయట ఒకటి, మీసాలో జువెనైల్ కోర్టు ప్రాంగణం దగ్గర ఒకటి. రెంటి మీదా నిఘా కెమెరాలున్నాయి. కాపలాదార్లకు పని సులువైంది కూడా ఇందుకే. రెండు చోట్ల నిలబడితే కౌంటీ మొత్తాన్ని కాపలా కాస్తున్నట్టు కనిపిస్తుంది.

పెట్టె, దాని తర్వాత

బయట పెట్టే పెట్టెకు రాష్ట్ర ఎన్నికల మాన్యువల్ నియమాలు పెట్టింది. కాంక్రీటుకో కదలని వస్తువుకో బిగించి ఉండాలి. తాళం గానీ, విప్పితే తెలిసిపోయే సీలు గానీ ఉండాలి. వేసిన కవరును వేళ్లతో బయటికి లాగలేనంత సన్నగా ఉండాలి సందు. అధికారిక పెట్టె అని స్పష్టంగా రాసి ఉండాలి. తాళంచెవులు నియమిత సిబ్బంది దగ్గరే ఉంటాయి.

కవర్లు తీయడానికి వెళ్లేది కనీసం ఇద్దరు, వేర్వేరు పార్టీలవాళ్లు. ముందు పెట్టెను చుట్టూ చూస్తారు: గీతలు, వంపులు, చెదిరిన సీలు ఏమైనా ఉన్నాయా అని. తర్వాత ఫారం మీద స్థలం, పెట్టె గుర్తింపు సంఖ్య, తేదీ, సమయం రాస్తారు. కవర్లు రవాణా డబ్బాలోకి వెళ్లాక దానికి సీలు వేసి, ఆ సీలు నంబరు కూడా ఫారంలోకి ఎక్కిస్తారు. ఇద్దరూ సంతకం పెడతారు. లెక్కింపు కేంద్రంలో తీసుకునేవాళ్లు సీలు నంబరును ఫారంతో సరిచూసుకున్నాకే డబ్బా తెరుస్తారు.

వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది కానీ తర్వాత కోర్టులో నిలబెట్టేది ఈ ఫారమే. ఇలాంటి ఫారాల్లో తప్పులు ఎక్కువగా ఎక్కడ జరుగుతాయో ఎవరైనా ఊహించవచ్చు: సీలు నంబరులో రెండు అంకెలు తారుమారవడం, సమయం గడి ఖాళీగా ఉండిపోవడం, రెండో సంతకం మరిచిపోవడం. ఒక్కటి కూడా ఓట్ల దొంగతనం కాదు. కానీ ఆరు నెలల తర్వాత ఎవరో రికార్డులు అడిగి తీసుకుని ఆ ఖాళీ గడిని చూపిస్తే, జవాబు చెప్పగలిగినవాళ్లు అప్పటికి ఆ ఉద్యోగంలో ఉండకపోవచ్చు. కాబట్టి డబ్బా అప్పగించే చోటే, రవాణా చేసినవాళ్లు వెళ్లిపోకముందే, మూడో వ్యక్తి ఫారం చదివి ఖాళీలు పూరింపజేయాలి. మర్నాడు పూరిస్తే అది దిద్దుబాటు అవుతుంది, ఆ రాత్రే పూరిస్తే రికార్డు అవుతుంది.

అసలు వడపోత ఆ తర్వాతది. ప్రతి కవరు మీదా ఆ ఓటరుకు మాత్రమే చెందిన బార్‌కోడ్ ఉంటుంది. కవరు వచ్చిందని కంప్యూటర్లో నమోదవుతుంది. కవరు మీది సంతకాన్ని శిక్షణ పొందిన సిబ్బంది ఓటరు పాత రికార్డుల్లోని సంతకాలతో పోలుస్తారు. తేడా అనిపిస్తే వెంటనే తిరస్కరించరు. పై స్థాయివాళ్లు చూస్తారు, అప్పటికీ కుదరకపోతే ఓటరును ఫోనులోనో ఉత్తరంతోనో సంప్రదిస్తారు. 2022లో సంతకం సరిపోలని కవర్లకు రాష్ట్ర, ఫెడరల్ ఎన్నికల్లో పోలింగ్ తర్వాత ఐదో పనిదినం దాకా గడువు ఉంది. సంతకమే లేకపోతే ఆ గడువు వర్తించదు, పోలింగ్ రోజు రాత్రి 7 గంటలే ఆఖరు. ఈ తేడా తెలియక ఓటు పోగొట్టుకునే ప్రమాదం ఎక్కువ. ఓటరు అవగాహన కరపత్రంలో పెద్దక్షరాలతో రాయాల్సింది ఈ వాక్యాన్నే.

సంతకం నిలిచాక కవరును, అప్పుడు కూడా, వేర్వేరు పార్టీల ఇద్దరు కలిసి తెరుస్తారు. ఒక ఓటరు పేరు మీద రెండు బ్యాలెట్లు వచ్చినా లెక్కలోకి ఎక్కేది ఒక్కటే. కవరును ఫొటోకాపీ తీసి వంద వేసినా బార్‌కోడ్ దగ్గర ఆగిపోతాయి.

మూడు కవర్లు వేస్తే నేరమా?

కాపలాదార్ల వాదన ఈ ప్రశ్న మీదే నిలబడింది. ఒకరు ఒకటికి మించి కవర్లు వేస్తే నేరమేనని ప్రచారం చేశారు. అరిజోనా చట్టం, సెక్షన్ 16-1005, అలా అనదు. కుటుంబ సభ్యులవి, ఒకే ఇంట్లో ఉండేవాళ్లవి, తాము సంరక్షణ చూస్తున్న వ్యక్తివి తెచ్చి వేయవచ్చు. వీళ్లు కాని ఇతరుల బ్యాలెట్లు సేకరిస్తే అది ఫెలనీ, అంటే తీవ్ర నేరం. ఈ చట్టం 2016లో వచ్చింది, 2021లో అమెరికా సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

ముసలి తల్లిదండ్రులవీ భార్యదీ తనదీ కలిపి నాలుగు కవర్లు తెచ్చిన మనిషికీ, ఎవరివో నాలుగు తెచ్చిన మనిషికీ యాభై అడుగుల దూరం నుంచి చూస్తే తేడా ఏముంటుంది? ఏమీ ఉండదు. ఫొటో తీసినా తెలియదు. ఆ ఫొటోను 'మ్యూల్ దొరికాడు' అన్న శీర్షికతో ఇంటర్నెట్‌లో పెడితే మాత్రం ఆ మనిషి జీవితం తలకిందులవుతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ ఉంది, దాన్ని దాచకూడదు. 2020 ఆగస్టు ప్రైమరీలో (పార్టీ అభ్యర్థులను ఎంచుకునే ఎన్నికలో) యూమా కౌంటీ శాన్ లూయిస్‌లో అక్రమంగా బ్యాలెట్లు సేకరించిన కేసులో నేరాంగీకారం జరిగింది, శిక్ష కూడా పడింది. ఆ కేసు లెక్క నాలుగు బ్యాలెట్లు. దానికి ఆధారం బ్యాలెట్ మీద పేరు లేకుండా పోటీ చేసిన ఒక అభ్యర్థి పోలింగ్ కేంద్రం బయట తీసిన వీడియో. అంటే చూడటం తప్పు కాదు, ఫిర్యాదు చేయడమూ తప్పు కాదు. ఆ వీడియో అధికారులకు చేరి దర్యాప్తుకు దారి తీసింది. దారిన పోయే ప్రతి ఓటరును ఆపి నిలదీయడం, వెంటపడటం, తుపాకీతో నిలబడటం వేరే పని.

చట్టంలో సందు

అరిజోనాలో తుపాకీ బహిరంగంగా పట్టుకుని తిరగడం చట్టబద్ధం. పోలింగ్ కేంద్రంలోకి ఎన్నికల రోజున ఆయుధంతో వెళ్లకూడదని నిషేధం ఉంది. పోలింగ్ కేంద్రం చుట్టూ 75 అడుగుల, అంటే దాదాపు 23 మీటర్ల, గీత కూడా ఉంది. కానీ అక్టోబర్‌లో వీధి పక్కన నిలబెట్టిన పెట్టె పోలింగ్ కేంద్రం కాదు, అది ఎన్నికల రోజూ కాదు. మీసా ఘటన సరిగ్గా ఈ సందులో జరిగింది.

మిగిలింది బెదిరింపు చట్టాలు. అరిజోనాలో సెక్షన్ 16-1013 ఉంది. ఫెడరల్ నేర చట్టం, టైటిల్ 18 సెక్షన్ 594, ఏడాది దాకా జైలు చెబుతుంది. కానీ నిందితుడి ఉద్దేశం రుజువు కావాలి. 'నేను నిలబడ్డానంతే' అనేవాడి మీద అది కష్టం. పౌర దావాలకు బలమైన దారి 1965 ఓటు హక్కు చట్టంలోని సెక్షన్ 11(బి). అందులో బెదిరించడమే కాదు, బెదిరించే ప్రయత్నం కూడా నిషిద్ధం. ఉద్దేశాన్ని రుజువు చేయనక్కర్లేదన్నది న్యాయశాఖ వాదన. 1871 నాటి కూ క్లక్స్ క్లాన్ చట్టం కూడా ఇలాంటి దావాల్లో పక్కనే నిలబడుతుంది.

భద్రత పేరుతో బెదిరింపు అమెరికాకు కొత్త కాదు. 1981లో న్యూజెర్సీ గవర్నర్ ఎన్నికలో 'నేషనల్ బ్యాలెట్ సెక్యూరిటీ టాస్క్ ఫోర్స్' అని చేతిపట్టీలు కట్టుకున్నవాళ్లు, డ్యూటీలో లేని పోలీసులు సహా, నల్లజాతి, లాటినో ప్రాంతాల పోలింగ్ కేంద్రాల దగ్గర తిరిగారు. ఈ ప్రాంతం గస్తీలో ఉందని పోస్టర్లు అంటించారు. ఫలితం తేలింది 1,797 ఓట్లతో. దావా తర్వాత 1982లో రిపబ్లికన్ జాతీయ కమిటీ ఇలాంటి పనులకు హద్దులు పెట్టే ఒక ఒప్పంద ఉత్తర్వుకు కట్టుబడింది. ఆ ఉత్తర్వు గడువు తీరిపోయిందని 2018లో కోర్టు తేల్చింది. ఆ తర్వాత, అధ్యక్షుడి పదవీకాలం మధ్యలో జరిగే ఎన్నికల్లో రెండోవి 2022లోవి. అప్పుడు ముందుకొచ్చింది జాతీయ పార్టీ కాదు, సోషల్ మీడియాలో కూడిన చిన్న గుంపులు. ఒక పార్టీ సంతకం పెడితే ఆగిపోయే పని కాదిది.

రెండు ఉత్తర్వులు, ఒకే న్యాయమూర్తి

అక్టోబర్ 24న ఒక రిటైర్డ్ ఉద్యోగుల సంఘం, ఓటర్ల సంస్థ వోటో లాటినో కలిసి పెట్టెల కాపలా సాగించిన క్లీన్ ఎలక్షన్స్ యూఎస్ఏ అనే గుంపు మీద దావా వేశాయి. మర్నాడు లీగ్ ఆఫ్ విమెన్ వోటర్స్ అరిజోనా శాఖ మరో దావా వేసింది. 28న ఫెడరల్ జిల్లా న్యాయమూర్తి మైఖేల్ లిబర్డీ మొదటి దావాలో నిషేధం ఇవ్వడానికి నిరాకరించారు. ప్రశ్నలు తీవ్రమైనవే గానీ, వాక్ స్వాతంత్ర్యాన్ని భంగపరచకుండా అర్థవంతమైన ఉత్తర్వు రాయలేనన్నారు. 31న న్యాయశాఖ లీగ్ దావాలో, సెక్షన్ 11(బి) కింద బలంగా, తన అభిప్రాయ పత్రం దాఖలు చేసింది. నవంబర్ 1న అదే న్యాయమూర్తి తాత్కాలిక నిషేధ ఉత్తర్వు ఇచ్చారు.

ఆ ఉత్తర్వులో గమనించాల్సింది దాని కొలతలు. పెట్టెకు గానీ, పెట్టె ఉన్న భవనం ద్వారానికి గానీ 75 అడుగుల లోపలికి ఉద్దేశపూర్వకంగా వెళ్లకూడదు. ఆ పరిధిలో ఓటరు ముందు మాట్లాడితే తప్ప వాళ్లతో మాట్లాడకూడదు, అరవకూడదు. 250 అడుగుల లోపల, అంటే దాదాపు 76 మీటర్లు, తుపాకీ బయటికి కనపడేలా పెట్టుకోకూడదు, శరీర కవచం కనపడేలా వేసుకోకూడదు. బ్యాలెట్ వేయడానికి వచ్చినవాళ్లను వెంబడించకూడదు. ఓటర్ల ఫొటోలు తీయడం మీద, వాటిని ఆరోపణలతో ప్రచురించడం మీద ఆంక్షలు పెట్టారు. ఒకటికి మించి కవర్లు వేయడం ఎప్పుడూ నేరమేనన్న పాత ప్రచారం తప్పని, ఎవరెవరివి వేయవచ్చో చెబుతూ సవరణ ప్రకటన పెట్టమన్నారు.

'బెదిరించవద్దు' అని ఉత్తర్వు ఇస్తే ప్రతి ఒక్కరూ నేను బెదిరించలేదనే అంటారు. 75 అడుగులు టేపుతో కొలవవచ్చు. షెరీఫ్ డిప్యూటీ రాత్రి పదకొండు గంటలకు వచ్చినా చట్టం చదవక్కర్లేదు, గీత చూస్తే చాలు. కాకపోతే ఇది ప్రతివాదులకూ, వాళ్లతో కలిసి పనిచేసేవాళ్లకూ మాత్రమే వర్తిస్తుంది. రేపు ఇంకో గుంపు వస్తే మళ్లీ మొదటినుంచీ.

రాష్ట్రం దీనికి శాశ్వత రూపం ఇవ్వబోయింది. 2023 డిసెంబర్ మాన్యువల్‌లో బెదిరింపుగా లెక్కకొచ్చే పనులకు ఉదాహరణలు రాశారు. అవి మాట్లాడే హక్కును మింగేసేంత విశాలంగా ఉన్నాయని 2024 ఆగస్టులో మారికోపా సుపీరియర్ కోర్టు ఆ భాగం అమలును ఆపింది. గీతలు గీసేటప్పుడు లిబర్డీ ఉత్తర్వును నమూనాగా తీసుకోవాల్సింది ఇందుకే: ప్రవర్తన, దూరం, పరికరం. విశేషణాలు కాదు.

ఫిర్యాదులో ఏముండాలి

'భయపెట్టారు' అని ఒక్క మాట రాసిన ఫిర్యాదుతో దర్యాప్తు కదలదు. తేదీ, నిమిషం దాకా సమయం, ఏ పెట్టె, ఎంతమంది, ఎంత దూరంలో, అన్న మాటలు అన్నవన్నట్టుగా, వాళ్ల వాహనం నంబరు, ఓటరు దానివల్ల ఏం చేశారు (వేసి వెళ్లారా, వెనక్కి తిరిగారా, మళ్లీ వచ్చారా) ఉండాలి. ఆఖరి అంశాన్ని చాలామంది రాయరు. కోర్టుకు అదే కావాలి. ఎదురు తిరిగి వాళ్లతో వాదించడం, దగ్గరికెళ్లి వీడియో తీయడం వద్దు. ఆయుధం కనిపిస్తే ముందు అత్యవసర నంబరు, తర్వాతే ఫిర్యాదు. వేరే చోట వేసే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

అధికారి వైపు మొదటి పని కెమెరా రికార్డింగును పక్కన పెట్టడం. నిఘా వ్యవస్థలు పాత రికార్డింగు మీద కొత్తది రాసేస్తాయి. ఫిర్యాదు చదివిన రోజే ఆ గంటకు ముందు, తర్వాత ఉన్న భాగంతో సహా కాపీ తీయించాలి. ఫెడరల్ ఎన్నికల రికార్డులను 22 నెలలు దాచాలని చట్టం చెబుతుంది, వీడియో దానికిందికి వస్తుందా రాదా అని వాదించుకునేకంటే దాచడమే తేలిక.

పోలీసుల సంగతి సున్నితం. మారికోపా షెరీఫ్ అక్టోబర్ ఆఖరులో పెట్టెల దగ్గర బందోబస్తు పెంచారు, అప్పుడది అవసరమే. కానీ యూనిఫాం చూస్తే కొన్ని వర్గాల ఓటర్లకు అదే భయం. న్యూజెర్సీలో నిలబడిందీ పోలీసులే కదా. పెట్టె పక్కనే నిలబడకుండా, రోడ్డు అవతల బండి కనిపించేలా ఉంచి, పిలిస్తే నిమిషాల్లో వచ్చేలా ఏర్పాటు చేస్తే రెండు పనులూ జరుగుతాయి.

మంటల సంగతి కూడా ఒక మాట. 2024 అక్టోబర్ 28న ఒరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లోనూ, నది అవతల వాషింగ్టన్ రాష్ట్రం వాంకూవర్‌లోనూ పెట్టెలకు నిప్పు పెట్టారు. పోర్ట్‌లాండ్ పెట్టెలో మంటలార్పే పొడి పనిచేసి మూడు బ్యాలెట్లే దెబ్బతిన్నాయి. వాంకూవర్‌లో వందల్లో పోయాయి. ఆ పొడి డబ్బా ఉందంటే సరిపోదు, సందు దగ్గర మంట పడే చోటికి తగిలేలా ఉందో లేదో చూడాలి.

కాపలా లేని చోట జరిగిన తప్పు

నవంబర్ 8న మారికోపాలో నిజంగానే పెద్ద లోపం జరిగింది. పెట్టెల దగ్గర కాదు. 223 ఓటింగ్ కేంద్రాల్లో అరవైకి పైగా చోట్ల ప్రింటర్లు బ్యాలెట్లను మసక ముద్ర వేశాయి, లెక్కింపు యంత్రాలు వాటిని చదవలేదు. అరిజోనా సుప్రీంకోర్టు రిటైర్డ్ ప్రధాన న్యాయమూర్తి రూత్ మెక్‌గ్రెగర్ 2023 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదిక ప్రకారం, '100 పౌండ్లు' అనే రకం మందపు కాగితం, 20 అంగుళాల పొడవు బ్యాలెట్ రెండూ కలిసి కొన్ని ప్రింటర్లలో సిరాను కాగితానికి పట్టించే వేడి భాగం శక్తికి మించిపోయాయి. ముందు పరీక్షల్లో ఇది పట్టుబడలేదు.

చదవలేని బ్యాలెట్లను 'డోర్ 3' అనే తాళపు అరలో వేస్తే వాటిని ఫీనిక్స్ లెక్కింపు కేంద్రంలో లెక్కిస్తారు. అది పాత పద్ధతే, కొత్తగా తెచ్చింది కాదు. కానీ ఆ అరలో వేయవద్దని రాజకీయ వర్గాల నుంచే ప్రచారం వచ్చింది. దాదాపు 17,000 బ్యాలెట్లు ఆ దారిలో వెళ్లాయి. దానికి తోడు పెట్టెలను అనుమానించినవాళ్లు ఆఖరి రోజు దాకా ఆగి కవర్లు చేత్తో తెచ్చి ఇచ్చారేమో గానీ, ఒక్క పోలింగ్ రోజే దాదాపు 2,90,000 ముందస్తు బ్యాలెట్లు వచ్చి పడ్డాయి. ప్రతి కవరు సంతకం పోల్చాలి. లెక్క రోజుల కొద్దీ సాగింది, సాగిన ప్రతి రోజూ కొత్త అనుమానం.

చూడాలనుకునేవాళ్లకు చూసే చోట్లు చట్టమే చూపించింది. యంత్రాల పరీక్ష ఎన్నికకు ముందు, తర్వాత బహిరంగంగా జరుగుతుంది. పార్టీలు నియమించిన పరిశీలకులు లెక్కింపు కేంద్రంలో ఉండవచ్చు. వీటన్నిటికంటే గట్టిది చేతి లెక్క ఆడిట్: 2 శాతం ఓటింగ్ కేంద్రాలను చీటీలు తీసి ఎంచుతారు, ముందస్తు బ్యాలెట్లలో 1 శాతం గానీ 5,000 గానీ, ఏది తక్కువైతే అది. పోలింగ్ ముగిసిన 24 గంటల్లో మొదలవుతుంది. ఆ లెక్క చేసేది కౌంటీ ఉద్యోగులు కాదు, పార్టీలు పంపిన ఓటర్లే. పార్టీలు తగినంతమందిని పంపకపోతే ఆ కౌంటీలో ఆ ఆడిట్ జరగదు. అరిజోనా చిన్న కౌంటీల్లో కొన్నింటిలో మనుషులు రాక అది జరగని సందర్భాలున్నాయి. పెట్టె ముందు రాత్రంతా కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్లు పార్టీ కార్యాలయానికి ఫోన్ చేసి, ఆడిట్ బల్ల దగ్గర పేరు రాయించుకోవచ్చు.